ఎడమకి వాలిన స్టీరింగు

కాశింవలి చక్రాల అలైన్‌మెంట్ చేసిన బండి మళ్లీ అదే రోగంతో వెనక్కి వచ్చిందంటే రేణిగుంట రోడ్డులో ఎవరూ నమ్మరు. పాతికేళ్ల పనితనం ఆయనది. పనితనం ఎంతుందో ముక్కుమీద కోపమూ అంతే ఉంది. అలాంటి మనిషి దగ్గరికి ఆ ఎర్రకారు పదిరోజుల్లో మూడోసారి వచ్చి ఆగింది.

దిగింది నిస్సీ. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నర్సు. రెండు నెలల కిందట ఈ పాతకారు కొనుక్కుని, రోజూ ఇద్దరు ఆడపిల్లల్నీ చంద్రగిరి బడిలో దింపి డ్యూటీకి పోతూ ఉంటుంది.

“అన్నా, మళ్లా వంకర పోయినాది. బండి నేరుగానే పోతాది, స్టీరింగు మాత్రం ఎడమపక్కకి వాలతాది. నువ్వు పని చేసినావా, చేసినట్టు నటించినావా?”

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే తాళాలు చేతిలో పెట్టి, దండం పెట్టి పంపేసేవాడు. కానీ వలి ఆ మాట విననట్టే కారు తలుపు తీశాడు. బండిలోకి తొంగిచూశాడు. స్టీరింగు గీత గీసినట్టు నేరుగా ఉంది.

“నేరుగానే ఉండాదే!”

“నీ షాపు కాడికి వస్తే నేరుగానే ఉంటాది. నాకేమన్నా పిచ్చా? ఎక్కు, సూద్దువు.”

వలి ఎక్కకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆయన ఈ పదిరోజుల్లో ఈ బండికి చేసిన పనిలో లోపం లేదు. స్టీరింగును నేరుగా నిలిపి, కదలకుండా కడ్డీ బిగించి, కింద చక్రాల్ని స్టీరింగుకి కలిపే టై రాడ్లను రెండు వైపులా సమానంగా తిప్పాడు. మెషిన్ తెరమీద అంకెలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. ఆమె రెండోసారి వచ్చినప్పుడు చూస్తే ఆ రాడ్లు ఒక్క మర కూడా కదల్లేదు. కింద ఏదీ కదలకుండా పైన స్టీరింగు వాలిందంటే తప్పు పైనే ఉండాలి, స్టీరింగు మధ్యలో, హారన్ మూత కింద. ఆ సంగతి వలికి తెలుసు. తెలిసే అక్కడ చెయ్యి పెట్టలేదు.

ఎందుకంటే ఆ బండి ఎవరిదో కూడా తెలుసు. ఎవరో బాగుచేయించి, ఎర్రరంగు కొత్తగా కొట్టించి అమ్మారు గానీ, తలుపు అంచున పాత తెలుపు కనబడుతూనే ఉంది. అది చంద్రగిరి శాంతయ్య బాడుగ కారు.

శాంతయ్య కొండ దిగిన భక్తుల్ని కాణిపాకం, కాళహస్తి తిప్పేవాడు. నిద్ర రాకుండా ఎప్పుడూ బుగ్గన లవంగం ఉండేది. పోయిన ఏడాది ఒక శుక్రవారం వలి ఈ బండికే అలైన్‌మెంట్ చేస్తూ తొందరలో కడ్డీ బిగించడం మరిచిపోయాడు. స్టీరింగు ఎడమకి వాలింది. “బాడుగ ఉండాది వలీ, బిరీన కానీప్పా,” అన్నాడు శాంతయ్య. మళ్లీ మెషిన్ ఎక్కించాలంటే గంట పని. అందుకని దొంగదారి తొక్కాడు వలి. హారన్ మూత ఊడదీసి, నట్టు విప్పి, స్టీరింగును పైకి లాగి, ఇరుసు పళ్లమీద ఒక పన్ను కుడికి జరిపి కూర్చోబెట్టాడు. అంతలో జుమ్మా నమాజుకి పిలుపు వినబడింది.

బిగించిన ప్రతి నట్టుకీ తెల్లరంగు చుక్క పెట్టడం ఆ షాపు పద్ధతి. చుక్క లేకపోతే బిగించనట్టే లెక్క. ఆ నట్టు బిగించకపోతే ఏ మలుపులోనో స్టీరింగు తిరుగుతుంది గానీ చక్రాలు తిరగవు. ఆ రోజు మూత మూశాడు, మసీదుకి పరుగెత్తాడు. చుక్క పెట్టాడా లేదా అన్నది మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. మూడోరోజు, కనుమ దారి మలుపులో శాంతయ్య బండితో సహా లోయలో పడి చనిపోయాడు. ఆయన వాకిట్లో జనం పోగైనప్పుడు, “నిద్రపోయుంటాడు,” అన్న మొదటి నోరు వలిదే. అందరూ అదే అన్నారు, పోలీసులూ అదే రాశారు. లవంగం బుగ్గనున్న మనిషి నిద్రపోడని భార్య నాగులమ్మ ఒక్కతే మొత్తుకుంది.

“ఎక్కన్నా,” అంది నిస్సీ మళ్లీ. వలి ఎక్కాడు.

రోడ్డు మీదికి రాగానే ఘాటుగా వాసన కొట్టింది.

“లవంగాలు పెట్టినావామ్మా?”

“కొన్నప్పట్నుంచీ ఇదే వాసన. ఎన్నిసార్లు కడిగించినా పోదు. మా పిల్లకాయలు బిర్యానీ బండంటారు.” ఆమె నవ్వింది. వలి కిటికీ అద్దం దించాడు.

సిగ్నల్ దగ్గర బండి ఆగింది. నిస్సీ జుట్టు ముడి వేసుకోవడానికి రెండు చేతులూ ఎత్తింది. ఎవరి చెయ్యీ లేని స్టీరింగు మెల్లగా ఎడమకి తిరిగింది, సరిగ్గా ఒక పన్ను, అక్కడ ఆగింది. కింద చక్రాలు కదల్లేదు. వలి వెనక్కి జరిగి తలుపు పిడి పట్టుకున్నాడు.

“సూసినావా? నేను సెప్తే నమ్మితివా?”

“వెనక్కి తిప్పమ్మా. మెల్లగా, పట్టు వదలకుండా తిప్పు.”

షాపులో వలి హారన్ మూత కింద స్క్రూడ్రైవర్ పెట్టి పైకి లేపాడు. మూత ఊడింది. నట్టుకి చుక్క లేదు. వేలు తగలగానే గిర్రున తిరిగి ఊడి వచ్చింది. నట్టు వెనక, మరల సందులో, ఒక లవంగం ఉంది. ఏడాదిగా ఎవరూ తెరవని చోట, అప్పుడే నోట్లోంచి తీసినట్టు తడిగా, పంటిగాటుతో.

“యా అల్లా,” అని నేల మీద చతికిలబడ్డాడు.

శాంతయ్యకి తనమీద పగ లేదని అప్పుడు అర్థమైంది వలికి. పగే ఉంటే ఇద్దరు పిల్లలతో ఈ బండి ఏ మలుపులోనో బోల్తా కొట్టేది. ఇది తెరిచి చూడమని మూడుసార్లు వెనక్కి పంపాడు. అది తలుచుకుంటే భయం కన్నా సిగ్గు ఎక్కువగా కోసింది.

లేచి, ఒంట్లో బలమంతా పెట్టి నట్టు బిగించాడు. చుక్క పెట్టాడు. నిస్సీకి ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆమె కారు వెనకసీటు వైపు చూసింది.

“నా బిడ్డల్ని కూచోబెట్టుకోని తిరిగినాను గదన్నా దీంట్లో,” అంది. “నాకు కాదు. ఆ ఇంటికి పోయి సెప్పు.”

మధ్యాహ్నం చంద్రగిరిలో నాగులమ్మ వాకిట్లో కూర్చుని పూలు కడుతోంది. వలి లవంగాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

“నట్టు నేను బిగించలేదమ్మా. ఆయన నిద్రపోలా.”

నాగులమ్మ లవంగాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తిడుతుందని, కొడుతుందని చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంది.

“ఆ పొద్దు నిద్రపోయినాడని మొదట అన్నోడివి నువ్వే గదా?”

“నేనే.”

“యాడ నిలబడుకోని అన్నావు?”

వలి తులసికోట పక్కన చోటు చూపించాడు.

“ఆడనే నిలబడుకో. కదలొద్దు.” వీధిలోకి పోయి, “అమ్మా, అప్పా, అందరూ రాండి!” అని ఒక్క కేక వేసింది.

ఇళ్లలోంచి జనం వచ్చారు. వాకిలి నిండింది. వలి పక్కన ఎవరూ లేరు, అయినా చెవి దగ్గర ఎవరో నిలబడి ఊపిరి వదులుతున్నట్టు లవంగాల వాసన వెచ్చగా తగిలింది.

“శాంతయ్య నిద్రపోలేదు,” అన్నాడు వలి, అందరికీ వినబడేలా.