దాలయ్య బోటు చప్పుడు

మా మేనల్లుడు యుగంధర్ సంగీతం చేస్తాడు. పాడడు, వాయించడు. లాప్‌టాప్‌లో చేస్తాడు. అందులో రాగం ఉండదు, తాళం ఉండదు. ప్రయోగం అంటాడు.

ఇప్పటికి రెండు విడుదల చేశాడు. మొదటిది గ్రైండరు చప్పుడు, రెండోది ఫ్యాను. మొదటిది వాడి పెళ్లాం దేవి కూర్చుని విన్నాది. రెండోది పడుకుని విన్నాది.

మూడోదానికి నా బోటు ఇంజను చప్పుడు ఫోన్లో పట్టుకుపోయాడు.

"మనూరి ఒడ్డునే విడుదల మావా. కొత్త సంగీతం మీద రాసే మురళీమోహన్ గారు విశాఖ నుంచొస్తన్నారు."

"జనం రాకపోతే?"

"ఇదొగ్గేసి ఐసు ఫ్యాక్టరీలో సేరిపోతాను. నువ్వు సెప్పినట్టే."

సరే అన్నాను.

ఆ రోజు నా కొడుకులు తెల్లారే వేటకెళ్లారు. సాయంత్రమైనా బోటు రాలేదు. ఒడ్డున పెద్ద స్పీకర్లు పెట్టారు. కుర్చీల్లో మురళీమోహన్ గారు, నేను, దేవి. మిగతా కుర్చీలు గాలికి దొర్లుతున్నాయి. యుగంధర్ మొహం ఉప్పుచేపలా ఎండిపోయింది.

మొదలెట్టాడు. దోమ గీపెట్టినట్టు కాసేపు. తర్వాత ఏమీ లేదు. మురళీమోహన్ గారు దానికీ తలూపారు. అప్పుడొచ్చింది నా బోటు చప్పుడు, దాని పాత దగ్గుతో సహా.

మా పేటలో ఏ బోటు వస్తున్నదో ఆడోళ్లు వంటింట్లోంచే చెప్తారు. చప్పుడు వినగానే గంప పట్టుకుని పరిగెడతారు. ముందొచ్చినామెకే మంచి చేప. అలాగే వచ్చారు, పేటంతా. ముందు మరిడమ్మ.

"బోటేది దాలయ్య బావా?" అని నన్నడిగింది.

స్పీకరు చూపించాను.

ఆమె స్పీకరు చూసింది, సముద్రం చూసింది, యుగంధర్‌ని చూసింది. "పొయ్యి మీద కూరొగ్గేసి వచ్చానురా. ఏటిది?"

"సంగీతం అత్తా."

"గంపలో ఏసుకెల్లి అమ్ముకోమంటావేటి?"

వెనకవాళ్లూ తిట్లందుకున్నారు. వాడి తాతల దాకా వెళ్లారు. మురళీమోహన్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఖాళీ గంపలు. ఎంత లోతైన ఆలోచన," అన్నారు. మరిడమ్మ దగ్గరకెళ్లి, "ఎన్నాళ్లు సాధన చేశారమ్మా?" అని అడిగారు.

"పెళ్లయిన కాడ్నించి తిడతన్నాను బాబూ."

తప్పకుండా రాస్తానని యుగంధర్ చెయ్యి పట్టుకుని చెప్పి, కారెక్కి వెళ్లిపోయారు. ఆడోళ్లూ వెళ్లిపోయారు.

"సూసావా మావా, ఎంత జనమో. ఐసు ఫ్యాక్టరీ మాట ఇంకెత్తకు."

దొర్లిన కుర్చీలెత్తాను.

పొద్దు గుంకుతుండగా నిజం బోటు వచ్చింది. నిండా కవళ్లు. నిలవుంటే మెత్తబడిపోయే చేప. ఒక్క గంపా ఒడ్డుకి రాలేదు.

"జనమేరి నానా?" అన్నాడు పెద్దకొడుకు. నేను యుగంధర్‌ని చూశాను.

వాడు పేటలోకి పరిగెత్తి తిరిగొచ్చాడు. మరిడమ్మ తలుపు తియ్యకుండానే, "నీ సంగీతం నువ్వే ఇనుకో," అన్నాదట.

ఇక ఐసు కావాలి. ఆటో వేసుకుని శ్రీకూర్మం రోడ్డులో ఫ్యాక్టరీకి వాడే వెళ్లాడు. ఎంతకీ రాలేదు. నేనే వెళ్లాను. ఐసు దంచే మిషను గడగడలాడుతున్నాది. దానికి ఫోను ఆనించి, కళ్లు మూసుకుని నిలబడున్నాడు. ఆటోలో ఐసు నీరై కారుతున్నాది.

"కవళ్లురా," అన్నాను.

"ఒక్క నిమిషం మావా. ఇది నాలుగోది." కళ్లు తెరవలేదు. "రేపట్నుంచి పన్లోకొస్తానని ఓనరుకి సెప్పేసాను. ఇలాటి మిషను ఇంకెక్కడా దొరకదు."

ఇన్నాళ్లకి నా మాట విన్నాడు.