ముందువాడి వీపు

నా రాత నెమ్మది. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్న అక్షరాలివి. ఒత్తులు తప్పితే నవ్వుకోండి కానీ చదవడం మానకండి. రాసేది మా ఆయన గురించి. ఆయన గురించి ఇంకెవరూ రాయరు.

ఆ రోజు పొద్దున ఆయన బాయిలరు మూతి తెరిచి బొగ్గు వేస్తున్నాడు. పార అంచు అరిగి సగానికి వచ్చింది. మంట ఎగిసినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేవాడు. అయినా కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి. అందుకే ఎవరేం చెప్పినా కొత్తగా విన్నట్టు ఆశ్చర్యంగా ఉండేది ఆయన ముఖం. గొట్టాన్ని వేలితో తాకి, చురుక్కుమనగానే చెయ్యి వెనక్కి తీసుకుని, మూతి మూశాడు.

"ఏమని పిలవాలే ఆ కొత్త యజమానిని?" అన్నాడు.

"అయ్యగారూ అను. నోరేం పోతుంది?"

ఆయన గొట్టం వైపు తిరిగి "అయ్యగారూ" అని చూశాడు. దగ్గొచ్చింది.

"కామ్రేడ్ అంటేనో?"

"తంతాడు," అన్నాను.

అది మిల్లు కార్మికుల స్నానాల గది. విప్లవం గెలిచిన కొత్తలో కట్టారు. మిల్లు మూతపడ్డా అది మిగిలింది. కప్పు మీద ఎర్రజెండా, లోపల పెద్ద వేడినీళ్ళ తొట్టి, గోడ పొడవునా ఒకే రకం కొక్కేలు. పొద్దున ఆడవాళ్ళకు, మధ్యాహ్నం నుంచి మగవాళ్ళకు. ఎవరూ పైసా అడగరు. పద్ధతి ఒక్కటే: తొట్టిలోకి దిగేముందు చెక్కపీటల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని, ముందువాడి వీపు రుద్దాలి. అది మేనేజరు వీపైనా సరే, పాకీ పనివాడి వీపైనా సరే. వరుసలో చివరివాడికి వెనక ఎవరూ ఉండరు కాబట్టి ఆయన వెళ్ళి కూర్చునేవాడు. మరి ఆయన వీపు? అందరూ వెళ్ళాక తలుపు వేసి నేను రుద్దేదాన్ని. ఆ పనికి వాడే బీరపీచు బాయిలరు పక్క మేకుకు వేలాడుతుండేది.

అంతకు వారం ముందు తలుపుకు నోటీసు అంటించారు. నాకు అప్పటికి చదువు రాదు. రోజూ స్నానానికొచ్చే బస్సు డ్రైవరు చదివి చెప్పాడు. స్నానాల గదిని ఒకాయన లీజుకు తీసుకున్నాడు. ఒకటో తారీఖు నుంచి టికెట్టు. ఆ రోజు నుంచి మా ఆయనకు ఒకటే బెంగ. మీటింగు తాత లాంటివాళ్ళు ఏం కావాలి? తాత పాత నేతకార్మికుడు, ఒక్క పార్టీ మీటింగు కూడా వదలని మనిషి. మోకాళ్ళు బిగుసుకుపోయి, వేడినీళ్ళు పడితే కానీ లేచి నిలబడలేడు. ఉండే గదిలో పొయ్యి కూడా లేదు. కొత్త యజమాని వచ్చినప్పుడు ఎలాగైనా అడగాలని ఆయన పట్టుదల.

మధ్యాహ్నం మగవాళ్ళు వచ్చారు. నేను బాయిలరు గదిలో గుమ్మానికి ఇవతల తుండుగుడ్డలు మడతపెడుతూ వింటున్నాను.

"తాతా, మనది ఇంకా కమ్యూనిస్టు దేశమేనంటావా?" అన్నాడు డ్రైవరు. రోజూ అడిగేదే.

"పైకి చూడు. జెండా కనబడటం లేదూ?"

"జెండా చూశాను. దాని ఎదురుగా నగలకొట్టు కూడా చూశాను. దీపాలు దానికే ఎక్కువున్నాయి."

"ఇది మధ్యలో మజిలీరా. దారి మారలేదు."

"నా బస్సు ఇన్నేళ్ళు మజిలీలో ఆపితే జనం నన్ను దింపి తంతారు."

నవ్వులు ఆగకముందే మా ఆయన గొంతు ఖంగుమంది.

"ఏయ్ అబ్బాయ్! ఒళ్ళు కడుక్కోకుండానే తొట్టిలోకి దిగుతావేంటి? ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా? రా, కూర్చో. తాత వీపు రుద్దు. అలా దువ్వుతావేంట్రా, పిల్లి అనుకున్నావా? గట్టిగా రుద్దు!"

కొత్తమనిషి ఎవరో బుద్ధిగా కూర్చున్నట్టున్నాడు. తాత హాయిగా మూలిగాడు. కొత్తమనిషి వెనక కూర్చుని ఆయన రుద్దుతుంటే, బాబోయ్ అన్న కేక కూడా వినబడింది.

"పెద్దాయనా, మీరేమంటారు?" అన్నాడు కొత్తమనిషి, కేకల మధ్యలో. "ఉందా ఇంకా కమ్యూనిజం?"

"ఈ పీటల మీద ఉంది. బట్టలు వేసుకున్నాక సంగతి నన్నడక్కు."

కాసేపటికి కొక్కేల దగ్గర చప్పుడు ఆగిపోయింది. నేను తొంగి చూశాను. కొత్తమనిషి పట్టులాంటి చొక్కా తొడుక్కుంటున్నాడు. గుమ్మంలో ఒకడు అతని బూట్లు పట్టుకుని నిలబడ్డాడు. బయట పొడవాటి కారు. డ్రైవరు తన ప్యాంటు సగం ఎక్కించుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఒకటో తారీఖు నుంచి ఇది నాది," అన్నాడు అతను, మర్యాదగానే.

ఆయన నోరు తెరిచాడు. వారమంతా గొట్టానికి అప్పజెప్పిన మాట రాలేదు. తుండు చివర మెలిపెడుతూ నిలబడ్డాడు. చివరికి, "అబ్బాయ్," అన్నాడు. "ముసలాళ్ళున్నారు. ఇళ్ళలో వేడినీళ్ళు లేవు. వారానికి ఒక్క పూట వాళ్ళను రానియ్యి. నన్ను తీసేసినా సరే."

అతను చెయ్యి వెనక్కి పోనిచ్చి వీపు తడుముకున్నాడు. "ఇంకా మండుతోంది," అని నవ్వాడు. "చూద్దాం." బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

"కామ్రేడ్ అనలేదు, బతికిపోయావు," అన్నాడు డ్రైవరు.

ఆయన నా దగ్గరకు వచ్చాడు. "చూద్దామన్నాడే."

"చూద్దామంటే?"

"లేదనలేదు కదా!" కనుబొమలు లేని ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రమంతా ఆయన ఈల వేస్తూనే నేల కడిగాడు. తాతను చెయ్యి పట్టుకుని మలుపుదాకా దింపి వచ్చాడు. పొద్దుగూకుతుండగా తలుపు వేసి, "రా, నా వంతు," అని కేకేశాడు.

మేముండే వెనక గదిలో పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించి వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. మేకుకున్న బీరపీచు తీసుకుని లోపలికి వెళ్ళాను. చివరి పీట మీద, గోడవైపు తిరిగి నుదురు ఆనించి, వీపు నావైపు పెట్టి కూర్చున్నాడు. గోడ అవతల బాయిలరు. ఆ చోటు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. కునుకు తీస్తున్నాడేమో అనుకున్నాను. "ఏమయ్యా, అప్పుడే నిద్రా?" అంటూ భుజం మీద చెయ్యి వేశాను. ఒళ్ళు వెచ్చగానే ఉంది. అది గోడ వేడి.

ఒకటో తారీఖు ఆయన చూడలేదు. గాజు తలుపులు వచ్చాయి, వాసన సబ్బులు వచ్చాయి, టికెట్టు వచ్చింది. జెండా మాత్రం తియ్యలేదు, కొత్తది కట్టారు. సోమవారం పొద్దున ముసలాళ్ళను ఊరికే రానిస్తున్నారు, బాయిలరు వైపున్న దొడ్డిదోవలో. దొడ్డిదోవ అయితేనేం అంటాడు తాత, మజిలీ కదా. సోమవారం పొద్దున ఎనిమిదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా మనది నిఖార్సైన కమ్యూనిస్టు దేశమని డ్రైవరు ఒప్పుకున్నాడు. అంతకుమించి ఒప్పుకోడు. పీటలు అలాగే వరుసగా వేస్తారట. చివరివాడి వెనక ఎవరు కూర్చోవాలో వారం వారం తగువేనట.

అక్కడి నుంచి వచ్చేటప్పుడు నేను పెద్దగా ఏమీ తెచ్చుకోలేదు. వంటగది కిటికీ పక్క మేకు కొట్టి ఆ బీరపీచు తగిలించుకున్నాను. అది ఆ రోజు తడవలేదు. తర్వాతా తడవలేదు.

ఇట్లు,
స్నానాల గది పెద్దాయన భార్య, డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. ఇప్పుడు చిన్నకూతురి దగ్గర, బస్సు డిపో వెనక మేడమీద ఉంటున్నాను.