నల్లా వచ్చే వేళ

“ఒక్కసారి ఫోన్ తిప్పు” అన్నాడు వీడియో కాల్‌లో దేవేందర్.

సరోజన ఒళ్ళోని బీడీల చాట పక్కన పెట్టింది. ఆకు తడి అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుని ఫోన్ తిప్పింది. గోడ, గూట్లో దీపం, మంచం, మంచం మీద అత్త సత్తవ్వ, వంటింటి గడప, గడప అవతల గ్యాసు పొయ్యి. తలుపు దగ్గరికి వచ్చేసరికి “ఆగు, ఆగు” అన్నాడు. గొళ్ళెం పెట్టి ఉంటే ఎందుకు పెట్టినవంటాడు, తీసి ఉంటే ఎందుకు తీసినవంటాడు. అందుకని ఆమె తలుపు సగం మూసి ఉంచడం నేర్చుకుంది. షార్జాలో సామాన్ల గోదాములో పనిచేసే మొగుడికి కోరుట్లలోని రెండు గదుల ఇల్లు చూపించడానికి ఎంత సేపు పట్టాలి? కానీ చూపించడం ఎప్పటికీ అయిపోదు. ఆ చెప్పులెవరివి, ఆ గ్లాసులో చాయ్ ఎవరు తాగారు, కొత్త రైక ఎందుకు తొడిగావు. అతను పోయిన ఈ నాలుగేళ్ళలో ఆ ఇంటి గోడలకు సున్నం కూడా మారలేదు. “డాడీ దినాం ఇల్లు సూపెట్టుమంటడేందే, మరిచిపోయిండా?” అని ఏడేళ్ళ బిడ్డ మనీషా ఒకసారి అడిగింది. సరోజన నవ్వి ఊరుకుంది. ఆ నవ్వెందుకని కూడా అడిగాడతను.

మొదట్లో ఇట్లాంటి మనిషి కాదు. తండ్రి బుచ్చన్న కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడి చనిపోయాక, ఇక చెట్టెక్కే మోకు ముట్టనని చెప్పి విమానమెక్కాడు. మొదటి ఏడాది ఫోన్ వస్తే ఇల్లంతా సందడిగా ఉండేది. ఏం కూర వండినవని అడిగేవాడు. తను మాడబెట్టుకున్న పప్పు గురించి చెప్పి నవ్వించేవాడు. అక్కడి ఎండకు చెప్పు అడుగు మెత్తబడుతుందని చెబితే ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు. తర్వాత వాళ్ళ గదిలో ఉండే ఒకతని పెళ్ళాం, వెల్గటూర్ అవతల ఏదో ఊళ్ళో, ఎవరితోనో వెళ్ళిపోయింది. అతను మంచం దిగలేదట, తిండి ముట్టలేదట. ఆ గదిలో ఎనిమిది మంచాలు. ఆనాటి నుంచి ఎనిమిది మంచాల మీదా అదే మాట, ఫోన్ తిప్పు. సరోజనకు ముందు కోపం రాలేదు, జాలి కలిగింది. పాపం, అంత దూరాన ఒక్కడే ఉన్నాడు, చూస్తే ఏం పోతుంది అనుకుంది. అక్కడే మోసపోయింది. మొదటిరోజు జాలిపడి తిప్పింది. రెండో రోజు నుంచి అది ఆమె డ్యూటీ అయింది. బీడీలకైతే కార్ఖానాలో కూలి ఇస్తారు, దీనికి అదీ లేదు.

“మొగడు గంత దూరం నుంచి సూస్తనంటె సూపెట్టనీకి నీకేం రోగం?” అనేది సత్తవ్వ. రోగమేదో సరోజనకు కూడా తెలియదు. సాయంత్రం అవుతుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది, అంతే. జుట్టు విరబోసుకుని ఉంటే ముడి వేసుకునేది. పక్కింటి పిల్లవాడు ఉప్పుకోసం వస్తే తొందరగా పంపించేసేది. ఎవరూ చూడనప్పుడు కూడా ఎవరో చూస్తున్నట్టే కూర్చునేది, లేచేది.

ఆమెకు మిగిలింది నల్లా ఒక్కటే. వాళ్ళ వాడకు దినం తప్పి దినం నీళ్ళు వస్తాయి, సాయంత్రం ఏడింటికి. అతను డ్యూటీ దిగి ఫోన్ చేసేదీ అప్పుడే. నీళ్ళ జోరు తక్కువని ప్రతి వాకిట్లో గుంత తవ్వి పైపు కిందికి దించుకున్నారు. ఆ గుంతలోకి దిగి, వంగి, నిండిన బిందెను పైకెత్తాలి. మళ్ళీ ఖాళీ బిందె పెట్టాలి. డ్రమ్ములు, సిమెంటు హౌజు నిండేసరికి నడుము రెండు ముక్కలవుతుంది. అదొక పని అని ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు. “ఇంతసేపేం జేసినవు” అన్నదానికి సరోజన “నీళ్ళు వట్టిన” అని చెబితే, “అది గాదు, పనేం జేసినవు” అంటుంది సత్తవ్వ. కానీ ఆ గంటసేపు ఫోన్ లోపల గూట్లో ఉంటుంది. తడుస్తుందన్నది అందరూ ఒప్పుకున్న కారణం. చీర ఎగదోపుకుని, మోకాళ్ళ దాకా తడిసి, గల్లీ అంతా ఆడవాళ్ళే. మొగుడు సామేలు మస్కట్‌లో ఉండే ఎదురింటి లావణ్య కౌన్సిలర్ మొగుడి నడకను బిందెతో నడిచి చూపిస్తే సరోజన గుంతలో కూలబడి నవ్వేది. ఒకరోజు నవ్వు కూడా లేదు. ఊరికే నీళ్ళలో పాదాలు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది. ఎందుకట్ల కూసున్నవని ఎవరూ అడగలేదు. పెళ్ళయ్యాక అంత సుఖంగా కూర్చున్నది ఆరోజే అనిపించి, వెంటనే తన మీద తనకే దుఃఖం వచ్చింది.

రాని నల్లాను వచ్చిందని అబద్ధమాడే వీలు కూడా లేదు. వార్డుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నల్లా, కరెంటు కోత, దోమల మందు, ఇంటిపన్ను, చెత్తబండి, అన్నీ అందులోనే వస్తాయి. ఊళ్ళో ఉన్నవాళ్ళు దాన్ని తెరవనైనా తెరవరు. ఊరు విడిచిన వాళ్ళే కళ్ళకద్దుకుని చదువుతారు. ఇక్కడ మురికి మోరీ నిండితే ఫిర్యాదు మస్కట్ నుంచి వస్తుంది, వీధిలైటు వెలగకపోతే దోహాలో కోపం వస్తుంది. నల్లాలు విడిచే సమ్మయ్య “నీళ్ళు ఇడిసిన” అని అందులో గొంతు పంపగానే షార్జాలో తెలిసిపోతుంది. అదీ చాలక సత్తవ్వ దగ్గరున్న చిన్న ఫోన్‌కు చేసి “అమ్మా, ఇయ్యాల నిజంగనే నల్లా అచ్చిందా? అది ఏడున్నది?” అని అడుగుతాడు. “గుంతల ఉన్నది నాయినా” అంటుంది ముసలామె. ఫోన్ పెట్టేస్తాడు.

ఒకరోజు ఆ గ్రూపులోనే దేవేందర్ గొంతు వినిపించింది. మనీషా పెద్దగా పెట్టింది. “సార్లకు నమస్తే. మా వాడల నల్లా పొద్దుమీకి ఇడుస్తున్నరు. ఆడోళ్ళకు చీకట్ల తిప్పలయితున్నది. మేం గల్ఫ్‌ల ఉన్నోళ్ళం డ్యూటీ దిగినంక ఇంటోళ్ళతోని మాట్లాడుదామంటె నల్లా అడ్డమస్తున్నది. పొద్దుగాల ఇడిస్తె అందరికి మంచిగుంటది. జర ఆలోచించుండ్రి.” కింద బొటనవేళ్ళ వరస. మస్కట్, దోహా, రియాద్. సామేలు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. కౌన్సిలర్‌గా గెలిచింది జ్యోతి అయినా వార్డు నడిపేది మొగుడు ఐలయ్య. ఆయన ఆ పూటే జవాబిచ్చాడు. ఆదివారం బడిలో మీటింగు, మున్సిపాలిటీ నుంచి ఇంజనీరు సారు వస్తాడు, నల్లా టైము తేల్చేద్దామని.

వాడంతా మెచ్చుకుంది. అంత దూరాన ఉండి పెళ్ళాం నడుము గురించి ఆలోచించే మొగుడు ఎంతమందికి దొరుకుతాడన్నారు. సరోజన తల ఊపింది. నీళ్ళ దగ్గర లావణ్యను అడిగింది, ఏమంటవని. “మంచిగనే అయితది గదక్కా, ఇగ దినాం మాట్లాడొచ్చు” అంది లావణ్య. ఆమె సరోజన వైపు చూడకుండా, సగం నిండిన బిందెనే ఎత్తుకుని తన ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం దాకా సరోజన లోపల లోపల మాటలు కూడబెట్టుకుంది. పొద్దున ఆకు కత్తిరించాలి, పిల్ల జడ వెయ్యాలి, సద్ది కట్టాలి, బీడీలు కార్ఖానాకు ఇయ్యాలి, అప్పుడే నీళ్ళంటే ఎట్లా? అన్నీ నిజాలే. నిజాలైనా అబద్ధాల్లాగే వినిపించాయి ఆమెకే. ఇది పోతే తనకు మిగిలేదేమిటి? ఒక పూట స్నానాల గదిలో తలుపేసుకుని నిలబడటమా?

బడిలో మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు వెనక జంపఖానా మీద కూర్చున్నారు. ఐలయ్య తన ఫోన్‌ను స్టాండుకు బిగించి ఆడవాళ్ళ వైపు పెట్టాడు. “మన గల్ఫ్ తమ్ముళ్ళు గూడ సూస్తున్నరు” అన్నాడు. ఫోన్ అద్దంలో చిన్న చిన్న గళ్ళు, గళ్ళలో మొఖాలు. దేవేందర్ తల దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. పెళ్ళిచూపులకు కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు.

ఇంజనీరు సారు చిన్నవాడు, మర్యాదస్తుడు. “నీళ్ళు పట్టేది ఆడవాళ్ళే కదా, వాళ్ళ మాట కూడా విందాం. పొద్దున అయిదున్నరకు విడిస్తే మీకు అనుకూలమేనా అమ్మా?” అన్నాడు. వాళ్ళు నోరు తెరిచేలోపే, “అనుకూలమే సార్, రాసుకోండ్రి” అన్నాడు ఐలయ్య.

సరోజన లేచి నిలబడింది. వార్డు మహిళా కమిటీలో ఆమె పేరుంది. ఉందని ఫొటో కోసం పిలిచినప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ కమిటీలో ఆమె చేసిన పని ఆ ఫొటోలో నవ్వడమే.

“పొద్దుమీకే ఉండనియ్యుండ్రి సార్” అంది.

“ఎందుకమ్మా? చీకట్లో ఇబ్బంది కదా?”

ఆకు, జడ, సద్ది, కార్ఖానా, అన్నీ నోటి దాకా వచ్చాయి. స్టాండు మీది గళ్ళలో దేవేందర్ ముందుకు వంగి చూస్తున్నాడు.

“చీకటి మంచిదే సార్. గా గంటసేపు మమ్ముల ఎవ్వలు సూడరు.”

సారుకు అర్థం కాలేదు. కుర్చీల్లో ఒకరిద్దరు నవ్వారు. “గదేం మాట చెల్లె, గాళ్ళు మీ మంచికే అడిగిండ్రు” అన్నాడు ఐలయ్య. జంపఖానా మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు దించుకుని గాజులు సర్దుకుంటున్నారు. సారు పాపం మంచివాడే, “సరే, సాయంత్రమే కావాలనేవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు. సరోజనది తప్ప ఒక్క చెయ్యీ లేవలేదు. లావణ్య చెయ్యి ఒళ్ళోంచి కాస్త కదిలి, స్టాండు వైపు చూసి మళ్ళీ కొంగు కిందికి పోయింది. సరోజన ఒక్కతే ఎత్తిన చెయ్యితో నిలబడింది. ఇంత ఒంటరితనం ఆమెకు ఇంట్లో కూడా ఎప్పుడూ కలగలేదు.

అప్పుడు జంపఖానా చివర కూర్చున్న సత్తవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. మెల్లగా నడుచుకుంటూ ముందుకొచ్చి, ఫోన్ స్టాండుకు ఎదురుగా, అద్దానికి ముక్కు ఆనేంత దగ్గర నిలబడింది.

“అయ్యా, నా పింఛను సంగతేంది?” అంది.

“అవ్వా, గది వేరే ముచ్చట. పక్కకు జరుగు, కెమెరాకు అడ్డమచ్చినవు.”

“నాకు ఇనవడది బిడ్డా. పింఛను” అంటూ కొంగు కూడా పరుచుకుని అక్కడే నిలబడింది. ఐలయ్య ఆమెను చెయ్యి పట్టి జరపలేడు, వయసులో పెద్దామె. ఆమె వీపు వెనక లావణ్య చెయ్యి లేచింది. తర్వాత దాని పక్క చెయ్యి. తర్వాత ఇక లెక్క పెట్టాల్సిన పని లేకుండా లేచాయి. సారు చూసి రాసుకున్నాడు. సాయంత్రమే ఖాయమైంది. పింఛను గురించి రేపు ఆఫీసుకు రమ్మన్నాడు. సత్తవ్వకు పింఛను నెల నెలా వస్తూనే ఉంది.

ఇద్దరూ ఇంటికి నడిచారు. వాడ మలుపు దగ్గర సత్తవ్వ అంది. “కొడుకు ఫోన్ జేస్తె నువ్వెట్లున్నవే అమ్మా అని అడుగుతడేమో అని నాలుగేండ్ల సంది సూస్తున్న. కోడలేడున్నదనే అడుగుతడు.”

సరోజన ముసలామె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత గరుకుగా ఉందో అంతకు ముందు ఎప్పుడూ తెలియలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే ఫోన్ మోగింది. ఎప్పటిలాగే మొఖాలు కనిపించే ఫోన్. సరోజన దాన్ని కట్ చేసింది. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేసింది. తర్వాత తనే చేసింది, ఉత్త మాటల ఫోన్.

“సూపెట్టుడు ఇగ బందు” అంది. తిడతాడనుకుంది, కేకలు వేస్తాడనుకుంది, వాటికి జవాబులు కూడా దగ్గర పెట్టుకుంది. అవతల మంచం కిర్రుమంది. “మాట్లాడు. నేను వింట” అంది మళ్ళీ.

“తిన్నవా?” అన్నాడు.

“ఇంక తినలే. నువ్వు?”

“లేదు.”

అంతే. ఆ తర్వాత ఏం అడగాలో అతనికి తెలియలేదు. ఆమెకూ తెలియలేదు. గోదాములో ఇప్పుడు ఏం పని చేస్తున్నాడో, గదిలో వంట ఎవరు చేస్తున్నారో, తిండి మానేసిన ఆ మనిషి ఏమయ్యాడో, ఏదీ ఆమెకు తెలియదు. దినాం మొఖం చూసిన మనిషి గురించి ఏదీ తెలియదు. అడుగుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో దొరకలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, అతను ఊపిరి తీసుకోవడం వింటూ గోడకు చేరబడింది. ఏడుపు వచ్చింది. ఎందుకేడుస్తున్నవని అడిగేందుకు అతనికి కనిపించదు గనుక, చప్పుడు కాకుండా, తీరిగ్గా ఏడ్చింది.