కార్పించో తిరిగి రావలసిన రోజు

ప్రింటర్ కడుపులో ఇరుక్కున్న కాగితాన్ని విల్మార్ బెంతాంకోర్ రెండు వేళ్ళతో పట్టుకుని, చిరగకుండా, కొంచెం కొంచెంగా బయటికి లాగుతున్నాడు. మోకాళ్ళ కింద పాత పేపరు పరుచుకున్నాడు. ఉరుగ్వే దేశంలోని సాల్తో మున్సిపల్ ఆఫీసు గచ్చు మీద ఇరవై ఏడేళ్ళుగా అరుగుతున్న మోకాళ్ళవి. బట్టతల మీద చెమట, చెవి వెనక స్క్రూడ్రైవరు, చొక్కా జేబు మీద టోనర్ మరక. కొత్త చొక్కా తొడిగినా రెండో వారానికల్లా అదే చోట అదే మరక వచ్చి కూర్చుంటుంది.

"కొత్తది కావాలని పైకి రాయరాదటయ్యా?" అంది పన్నుల సెక్షన్ మిర్తా, కుర్చీలోంచే మాతే ఆకుల కషాయం గిన్నె అందిస్తూ. "దీనికి నా పెళ్ళికున్నంత వయసుంది."

"నీ పెళ్ళి నిలబడలా? ఇదీ నిలబడుతుంది."

"నిలబడిందని నీతో ఎవరన్నారు?"

విల్మార్ నవ్వి, గొట్టంతో మాతే పీల్చి, గిన్నె తిరిగిచ్చేశాడు. కాగితం బయటికొచ్చింది. మూత వేసి, మీట నొక్కి, ప్రింటర్ మూలిగి మళ్ళీ పనిలో పడేదాకా చూశాడు. తర్వాత ఫోన్ తీసి టైము చూసుకున్నాడు. పదీ ఇరవై. ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది.

"పొద్దుట్నుంచీ తీయడం, చూడడం, పెట్టడం. ఎవత్తైనా దొరికిందా ఏమిటి?"

"ఎవత్తూ లేదు. ఒక మొండిఘటం ఇవాళ జైలు నుంచి వస్తున్నాడు."

"ఏం చేసి వెళ్ళాడు?"

"నన్ను తిట్టాడు."

"దానికే జైలైతే ఈ ఆఫీసులో ఎవరూ మిగలరు," అంది మిర్తా.

జైలంటే పింగుయినేరాలోకి నెలరోజులు ప్రవేశం లేకపోవడం. పింగుయినేరా అంటే పెంగ్విన్ల గూడు. పెంగ్విన్ గుర్తున్న లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం గురించి స్పానిష్‌లో మాట్లాడుకునే ఇంటర్నెట్ ఫోరం అది. లినక్స్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఊరికే ఇచ్చేయవచ్చు. అలాంటిదాని గురించి మనుషులు ఇంతగా కొట్టుకు చస్తారంటే బయటివాళ్ళు నమ్మరు. ఒకప్పుడు పింగుయినేరాలో నాలుగు వేలమంది ఉండేవాళ్ళు. ఇప్పుడు రోజూ వచ్చేవాళ్ళు నలభైమంది. మోడరేటర్లు ఐదుగురిలో నలుగురు ఒకరి తర్వాత ఒకరు చెప్పాపెట్టకుండా మాయమయ్యారు. మిగిలింది విల్మార్ ఒక్కడే.

ఆ మొండిఘటం కార్పించో మాత్రం పదహారేళ్ళుగా ఉన్నాడు. అసలు పేరు ఓస్మార్ లెదెస్మా. కార్పించో అంటే ఏటి ఒడ్డున మేసే ఒక లావుపాటి జంతువు, ఆ పేరు తనకు తానే పెట్టుకున్నాడు. ఉండేది ఉరుగ్వే నదికి అవతల, అర్జెంటీనా వైపు, కొంకోర్దియాలో. లాంచీలో పావుగంట. విల్మార్ ఇంటి మిద్దె మీంచి చూస్తే సాయంత్రం ఆ ఊరి దీపాలు కనిపిస్తాయి. అయినా ఇద్దరూ ఒక్కసారీ కలుసుకోలేదు. ఎదురుపడితే మర్యాదగా మాట్లాడుకోవలసి వస్తుందని ఇద్దరికీ భయం కాబోలు.

ఇద్దరిదీ లినక్సే. కాకపోతే అందులోనూ శాఖలున్నాయి. అన్నీ అమర్చి చేతికిచ్చే డెబియన్ విల్మార్‌ది. ప్రతి మరా సొంతంగా బిగించుకోవలసిన స్లాక్‌వేర్ కార్పించోది. ఈ ఒక్క తేడా మీద పదహారేళ్ళు బతికారు. పొద్దున ఏడింటికి ఏదో ఒక వార్త పట్టుకుని కార్పించో రాసేవాడు: "సాల్తో పండితుడు లేచాడా? లేస్తే దీనికి జవాబు చెప్పమనండి." విల్మార్ మాతేకి నీళ్ళు కాగేలోపు మొదటి జవాబు, బస్సులో రెండోది, ఆఫీసులో మూడోది రాసేవాడు. భార్య సోనియా ఇల్లు వదిలి మాల్దొనాదో అనే ఊరికి వెళ్ళిపోయిన ఏడు కూడా అది ఆగలేదు. సోనియాతో గొడవ కూడా ఏమీ లేదు. పోట్లాడుకోవడానికి ఇద్దరి మధ్యా ఏమీ మిగలక ఆవిడ వెళ్ళిపోయింది.

అక్టోబరు ఒకటో తారీకున వచ్చిన వార్త పాత కంప్యూటర్ల గురించి. ఇరవయ్యేళ్ళ నాటి మిషన్లకు ఇక కొత్త లినక్స్ విడుదలలు చేయబోమని దాన్ని తయారుచేసేవాళ్ళు కొందరు తేల్చేశారు. మంచిపనే అన్నాడు విల్మార్. ఆఫీసులో రోజంతా పాత ప్రింటర్లకు ఊపిరి పోసే మనిషి ఫోరంలో అలా ఎందుకన్నాడంటే, కార్పించో అప్పటికే కాదన్నాడు గనక. అంతకు మించి కారణం వెతకక్కర్లేదు.

"నా దగ్గర రెండువేల మూడు నాటి మిషన్ ఉంది," అని రాశాడు కార్పించో. "నెలరోజులు ఆపకుండా నడిపి చూపిస్తా."

"మూడు రోజులు కూడా నిలబడదు. మ్యూజియంలో పెట్టుకో."

"నువ్వా నాకు చెప్పేది? పగలంతా మున్సిపాలిటీలో డబ్బులు పోసి కొన్న సిస్టంకి ఊడిగం చేసి, సాయంత్రం ఇక్కడికొచ్చి స్వేచ్ఛ గురించి నీతులు చెప్తావు. అరిగిపోయిన రబ్బరు స్టాంపువి నువ్వు. నిన్ను కూడా మ్యూజియంలో పెట్టాలి."

నిజమే గనక అది తగలాల్సిన చోట తగిలింది. వ్యక్తిగత దూషణకు ముప్పై రోజుల నిషేధం అని ఫోరం నియమం. దాన్ని రాసింది విల్మారే. ముందు హెచ్చరిక ఇవ్వవచ్చని కూడా తనే రాశాడు. పదకొండూ నలభైకి, ఆఫీసు మరుగుదొడ్డి తలుపు గడియ పెట్టుకుని నిలబడి, హెచ్చరిక లేకుండా నిషేధం నొక్కేశాడు. కారణం అని ఉన్న గడిలో "ఎవరికీ అక్కర్లేని మాటలు" అని రాశాడు.

నాలుగో రోజుకే వేలు దురద పెట్టింది. ఎత్తేయడానికి ఒక్క నొక్కు చాలు. కానీ స్నేహితుడి కోసం నియమం సడలించాడని రేపు ఎవరైనా అంటే? ఆ స్నేహితుడన్న మాట దగ్గరే ఆగిపోయాడు. అంతవరకూ కార్పించోని అలా అనుకోలేదు మరి. ఆ తర్వాత ఫోరం చప్పబడింది. విల్మార్ ఏది రాసినా ముగ్గురు వచ్చి "సరిగ్గా చెప్పావు" అని పోయేవాళ్ళు. అంతటితో చర్చ అయిపోయేది. నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోతున్నా జవాబు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

పదకొండూ నలభై అయ్యేసరికి విల్మార్ మెట్ల కింద సర్వర్ గదిలో ఉన్నాడు. ఫోరంలో అప్పటికే సందడి మొదలైంది.

"కార్పించో విడుదల! మాంసం పొయ్యి మీద పెట్టండి," అని రాసింది కొచబాంబా నుంచి జుల్మా.

"ఈ నెలరోజులూ తిట్లు పోగేసుకుని ఉంటాడు. విల్మార్, హెల్మెట్ పెట్టుకో," అన్నాడు రంకాగ్వా నుంచి ఇంకొకడు.

"రానివ్వండి, నేను సిద్ధం," అని రాశాడు విల్మార్. సిద్ధంగానే ఉన్నాడు. వారం నుంచీ మనసులో ఒక వాక్యం దిద్దుకుంటున్నాడు. క్షమాపణలా వినిపించకూడదు, కానీ అర్థం చేసుకునేవాడికి అర్థం కావాలి. "మ్యూజియం ఇవాళ తెరిచారా?" అన్న దగ్గర అది కుదిరింది.

పన్నెండైంది. కార్పించో పేరు పక్కన, వచ్చాడని చెప్పే పచ్చచుక్క వెలగలేదు. ఒంటిగంటకు వేయించిన మాంసం పెట్టిన మిలనేసా రొట్టె సగం తిని, మిగతాది కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. "అలిగాడేమో," అని జుల్మా రాసింది. అలిగే మనిషి కాడు. ముప్పై రోజులు నోరు కట్టుకున్న కార్పించో ఆ పైన ఒక్క నిమిషం కూడా ఊరుకోడని విల్మార్‌కు తెలుసు.

అప్పుడు, నెలరోజులుగా జోలికి పోని పేజీ ఒకటి తెరిచాడు. మోడరేటర్లకే కనిపించే పేజీ అది. నిషేధం ఉన్నవాళ్ళు ఎప్పుడెప్పుడు లోపలికి రాబోయి వెనక్కి తిరిగారో అందులో పడుతుంది. అక్టోబరు రెండు, ఉదయం ఏడూ పది. మూడు, ఏడూ ఎనిమిది. నాలుగు, ఏడూ పన్నెండు. రోజూ అదే వేళకి వచ్చి తలుపు తట్టి వెళ్ళాడు. ప్రవేశం లేదని తెలిసి కూడా వచ్చాడు. పంతొమ్మిదో తారీకు ఏడూ తొమ్మిది దగ్గర వరస ఆగిపోయింది. ఆ కింద ఏమీ లేదు.

వేలితో పేజీని కిందికి, ఇంకా కిందికి తోశాడు. తెల్లటి ఖాళీ తప్ప ఏమీ రాలేదు.

"తలనొప్పిగా ఉంది, పోతున్నా," అని మిర్తాతో చెప్పాడు.

"ఇరవై ఏడేళ్ళలో నీకు తలనొప్పి రావడం ఇదే మొదటిసారి. వెళ్ళు, వెళ్ళు," అంది మిర్తా. అతని మొహం చూసి ఇంక హాస్యమాడలేదు.

రేవులో గుర్తింపు కార్డు చూపించి మూడింటి లాంచీ ఎక్కాడు. ఎప్పుడో ఒక పాత హార్డ్ డిస్కు లాంచీవాళ్ళ చేత పంపించమని కార్పించో ఇచ్చిన చిరునామా ఫోన్‌లో ఉంది. ఏరు ఎర్రగా, నిండుగా ఉంది. సంచులు ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు అటు ధరల గురించి, ఇటు ధరల గురించి మాట్లాడుకుంటున్నారు. జ్వరమై ఉంటుంది, కాలు విరిగి ఉంటుంది, ఇంటర్నెట్ బిల్లు కట్టడం మానేసి ఉంటాడు అనుకుంటూ వెళ్ళాడు. నిజంగానే అలిగి ఉంటే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. అతనికి దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు.

రేవు నుంచి మూడో వీధిలో, దోమతెర తలుపున్న పొట్టి ఇల్లు. అక్కడి పద్ధతిలో బయటే నిలబడి చప్పట్లు కొట్టి పిలిచాడు. అరవై దాటిన ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఓస్మార్ లెదెస్మాగారి ఇల్లు ఇదేనా అమ్మా? సాల్తో నుంచి వచ్చాను. విల్మార్ అంటారు నన్ను."

ఆవిడ కిందికీ పైకీ చూసింది. "ఆ గాడిద మీరేనా?" అనేసి నాలుక కరుచుకుంది. "ఏమీ అనుకోకండి. మా అన్నయ్య నోట అదే వినీ వినీ... రండి, లోపలికి రండి. ఆయన చెల్లెల్ని, నేలిదా." తలుపు తెరిచి పట్టుకుని చెప్పింది. "అన్నయ్య పోయి పదకొండు రోజులైందండీ. ఇరవయ్యో తారీకు పొద్దున్నే. మాతే పోసుకుని కుర్చీలో కూర్చోబోతూ అలాగే ఒరిగిపోయాడు. గుండె."

విల్మార్ గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత ఆవిడ వెనకే లోపలికి నడిచాడు.

"మీకు కబురు పెడదామని చూశాను," అంది నేలిదా వంటగదిలో కుర్చీ జరిపి. "మీరుండే చోటు ఆయన ఫోన్‌లో తెరిస్తే ప్రవేశం లేదని వచ్చింది. బయటివాళ్ళు చూడకూడదేమో అనుకుని మూసేశాను."

"అది మీకు కాదమ్మా," అన్నాడు విల్మార్. "ఆయనకి. నేనే ఆపాను. నెలరోజులు రాయకూడదని."

"ఎందుకు?"

"నన్ను తిట్టాడు."

నేలిదా అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"తిట్టకుండా ఎలా ఉంటాడండీ? రైల్వేలో పని పోయినప్పట్నుంచీ మీరు తప్ప ఆయనకి తిట్టుకోవడానికి ఎవరున్నారు?" అంది. "రోజూ పొద్దున తెరిచి చూసేవాడు. మిషన్ పాడైందా అన్నయ్యా అంటే, అవును నేలీ, ముప్పై ఒకటికి బాగవుతుంది అనేవాడు. నవ్వుతూనే అనేవాడు లెండి."

విల్మార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుపు పెద్దగా రాలేదు, భుజాలు కదిలాయంతే. నేలిదా లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఆ నీళ్ళు కాగాక, "మీకు పని తెలుసు గదా, ఒక్క సాయం చేసి వెళ్ళండి," అంటూ లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

మూల బల్ల మీద పాత కంప్యూటర్ ఒకటి పక్క రేకు ఊడదీసి ఉంది. పసుపు తిరిగిన పెట్టె, తీగతో కట్టిన ఫ్యాను. ముందు అతికించిన చీటీ మీద పెద్ద అక్షరాలు: "31 దాకా ముట్టుకోకు నేలీ." తెర నల్లగా ఉంది. మధ్యలో ఒక్కటే తెల్లటి వరస. ఆ మిషన్ ఎంతసేపటిగా ఆగకుండా నడుస్తోందో చెప్పే వరస అది. ముప్పై రోజుల నాలుగు గంటల పదకొండు నిమిషాలు.

"అన్నయ్యని తీసుకెళ్ళే రోజున ఎవరో ప్లగ్గు పీకబోయారు. కేకలేశాను," అంది నేలిదా. "ఎందుకో నాకూ తెలీదు. ముట్టుకోవద్దన్నాడు గదా. ఇవాళ్టితో గడువైపోయింది. మీరు ఆపేస్తారా?"

విల్మార్ కీబోర్డు మీదికి వంగాడు. ఆపడానికి ఒక్క మాట కొడితే చాలు. ఆ మాట అతను జీవితంలో ఎన్ని వేలసార్లు కొట్టాడో లెక్కలేదు. వేళ్ళు అక్షరాల మీద ఆనాయి, కదల్లేదు.

"పందెమేమైనా వేసుకున్నారా మీరిద్దరూ?"

"వేసుకున్నామమ్మా."

"ఎవరు గెలిచారు?"

"మీ అన్నయ్యే," అన్నాడు విల్మార్. పదహారేళ్ళలో ఆ మాట ఒక్కసారీ అనలేదు. "దీన్ని ఇలాగే ఉండనివ్వండి."

"ఎన్నాళ్ళు?"

"దానంతట అది ఆగేదాకా."

నేలిదా తలూపింది. అతన్ని రేవు వైపు మలుపు దాకా సాగనంపి, వెనక్కి వచ్చి తలుపు వేసుకుంది. లోపలి గదిలో, తీగతో కట్టిన ఫ్యాను గరగరమని తిరుగుతుంటే, నల్లటి తెర మీద నిమిషం ఇంకొకటి పెరిగింది.