పక్క సీట్లో నవ్వు

రోజూ పొద్దున్నే సీట్ల మేస్త్రి థియేటర్ పక్క తలుపు తీసుకుని లోపలికి వెళ్లేవాడు. ఓ వరుస ఎంచుకుని, చిరిగిన రెక్సిన్ కోసి, పాత స్పాంజి పీకి కొత్తది కూరేవాడు. స్పాంజి పీకేటప్పుడు మాత్రం కాస్త ఆగాలి. ఒక సీట్లో ఎన్నేళ్లుగా ఎంతమంది కూర్చున్నా, అందరికంటే మనసారా నవ్విన నవ్వొకటి ఆ స్పాంజిలో ఉండిపోతుంది. బయటికి లాగితే వినిపిస్తుంది, నొక్కితే మళ్లీ వినిపిస్తుంది. అన్ని థియేటర్లలోనూ ఉండేదే కాబట్టి దానికోసం ఎవరూ పని మానుకోరు.

ఇక్కడ నవ్వులకి కొదవ లేదు. మేనేజర్ ఏటా ఓ నలుపు తెలుపు హాస్యచిత్రం వేస్తాడు. విడాకులు తీసుకున్న మొగుడూ పెళ్లాలు తాము పెంచిన బాతు కోసం కోర్టుకెక్కి, గుక్క తిప్పుకోకుండా తిట్టుకుని, ఆ తిట్లలోనే మళ్లీ ప్రేమలో పడతారు. ఆ బాతు జడ్జిగారి బల్లమీద గుడ్డు పెట్టే సీన్లో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. పెళ్లికి ముందు మేస్త్రి కూడా ఓసారి చూశాడు. ఇప్పుడదే కథ కొత్తగా తీశారు. బాతు బదులు కుక్కపిల్ల, కోర్టు బదులు ఫోన్లు. దానికొచ్చే కుర్రకారు కోసమే ఈ సీట్ల పని.

ఓ పొద్దున మధ్య వరుసలో స్పాంజి లాగేసరికి ఆడనవ్వొకటి గలగలా వచ్చి, ఎక్కిళ్లతో ఆగింది. మేస్త్రి చేతిలోంచి కత్తెర జారింది. నవ్వుని ఎక్కిళ్లతో ముగించే మనిషి అతనికి తెలిసి ఒక్కతే, తన పెళ్లాం. ఆత్రంగా పక్క సీటు కోశాడు. మగనవ్వు. సిగ్గూ ఎగ్గూ లేకుండా, తొడ చరుచుకుంటూ నవ్విన నవ్వు. రెండు స్పాంజీలూ కలిపి నొక్కితే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ లేచాయి.

"సార్, ఈ సీట్లో కూర్చున్నదెవరు?"

"టికెట్ కొన్నవాడు," అన్నాడు మేనేజర్. "బాతు గుడ్డు సీను నవ్వు మేస్త్రీ అది. ఎక్కడున్నా గుర్తుపడతాను."

ఆ రోజంతా మేస్త్రి కుళ్లుకుని చచ్చాడు. తన దగ్గర ఆమె అలా నవ్వి ఏళ్లయింది. ఎవడో పక్కన కూర్చుంటే మాత్రం ఎక్కిళ్లొచ్చేదాకా నవ్విందన్నమాట. పైగా, తనున్న ఊళ్లో బట్టల కొట్టు పెడదాం రమ్మని ఆమె చెల్లెలు పిలిస్తే, వెళ్లనా వద్దా అని వారం నుంచీ అడుగుతోంది. వద్దు అనే మాట మొన్నటిదాకా అతని నాలుక చివరే ఉంది. ఇప్పుడది లోపలికి పోయింది.

రెండు స్పాంజీలూ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి ఆమె సంచీలో బట్టలు సర్దుతోంది.

"నువ్వు వెళ్లొచ్చు," అన్నాడు. "ముందు వీడెవడో చెప్పి వెళ్లు."

ఆమె స్పాంజీలు అందుకుని నొక్కింది. కళ్లు మూసుకుని రెండు నవ్వులూ చివరిదాకా వింది.

"ఎన్నాళ్లయిందో ఇతన్ని విని," అంది.

"పేరు చెప్పు."

"నీ పేరే."

"నా నవ్వు నాకు తెలీదా?"

"ఎప్పుడైనా విన్నావా తెలియడానికి? సినిమా మొదలయ్యాక వచ్చావు, నా కాలు తొక్కావు, తొక్కానని కూడా చూసుకోలేదు. బాతు గుడ్డు పెట్టాక నువ్వలా నవ్వుతుంటే, సినిమా వదిలేసి నిన్ను చూసి నవ్వాను. బయటికొచ్చాక, వీడెవడో కనుక్కోమని మా బాబాయిని నీ వెనక పంపింది నేనే."

"సంబంధం మీ బాబాయి తెచ్చాడనుకున్నానే. మరి నిన్ను నేను చూడలేదేం?"

"నువ్వు బాతుని చూస్తున్నావయ్యా." ఆమె స్పాంజి ఒళ్లో పెట్టుకుని నిమిరింది. "అతని కోసమే ఈ ఇంటికొచ్చాను. కొన్నాళ్లు ఉన్నాడు. తర్వాత ముఖం ముడుచుకుని తిరిగే నువ్వు మిగిలావు."

ఆ నిమరడం చూస్తే మేస్త్రికి ఒళ్లు మండింది. "వాడికంటే నేనెందులో తక్కువట?" అన్నాడు ఉక్రోషంగా.

ఆమె తెల్లబోయి చూసింది. తర్వాత నవ్వింది, గలగలా, ఎక్కిళ్లొచ్చేదాకా. అది వింటుంటే అతని గొంతులో ఏదో కిర్రుమంది. తుప్పు పట్టిన తలుపు సగం తెరుచుకున్నట్టు, ఓ నవ్వు.

"వెళ్లకు," అన్నాడు ఆ నవ్వు మధ్యలోనే.

ఆమె సంచీలోంచి బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టింది.

మర్నాడు ఆ రెండు సీట్లకీ కొత్త రెక్సిన్ వేసి, పాత స్పాంజే కూరాడు మేస్త్రి. అదేమని మేనేజర్ అడిగితే అవింకా గట్టిగానే ఉన్నాయన్నాడు. పక్క సీటు కుట్టేటప్పుడు మాత్రం దారం అవసరానికి మించి బిగించి లాగాడు. బాతుని చూసి నవ్విన ఆ కుర్రాడి మీద కుళ్లు ఇంకా పూర్తిగా పోలేదు.