అక్రోటు కింద టమాటాలు

నా కూతురు వర్లీన్ మొదటి రికార్డు రేడియోలో వచ్చేసరికి నేను బంగాళాదుంపలు తరుగుతున్నాను. పాట పేరు "అక్రోటు కింద టమాటాలు" అని రేడియోవాడు చెప్పగానే కత్తి పక్కన పెట్టి రేడియో శబ్దం పెంచాను.

పాటలో వర్లీన్ చెప్పుకున్న కథ మా ఇంటిదే. నాన్న డెట్రాయిట్‌కి కార్ల ఫ్యాక్టరీ పనికి వెళ్ళిపోయిన రోజు పొద్దున్నే, అమ్మ అక్రోటు చెట్టు కింద తవ్వి టమాటా నారు వేసిందట. నారు బతకలేదు, నాన్న తిరిగి రాలేదు. అంతే పాట. పాటలు రికార్డు చేసే నాష్‌విల్‌లో అందరూ కళ్ళు తుడుచుకున్నారట. వాళ్ళకేం, టమాటాలు కొట్లో కొనుక్కునే జనం! మా కెంటకీ కొండల్లో చంటిపిల్లనడిగినా చెబుతుంది, నల్ల అక్రోటు నీడలో టమాటా వేస్తే వారం తిరక్కుండా మాడిపోతుందని. అక్కడ ఎవరూ నారు పెట్టరు.

నేను పెట్టాను. నా మొగుడు కార్బిట్‌ను పాతిపెట్టిన మట్టి కనిపించకూడదని పెట్టాను. ఆ వేకువన తాగొచ్చి, నిద్రలో ఉన్న నాలుగేళ్ళ పిల్ల మీదికి పొయ్యి కెలికే ఇనప కడ్డీ ఎత్తాడు. అది లాక్కుని నేనే కొట్టాను. డెట్రాయిట్ పోయాడని ఊరందరికీ చెప్పాను. పిల్ల లేవలేదనే అనుకున్నాను. నేను తవ్వడం కిటికీలోంచి చూసిందని పంతొమ్మిదేళ్ళ తర్వాత రేడియో చెబితే తెలిసింది. నా ఖర్మ కాకపోతే ఏమిటి!

మే నెలకల్లా ఎక్కడ విన్నా అదే పాట. వర్లీన్ ఫోన్‌లో మురిసిపోతుంటే "బాగుంది తల్లీ" అన్నాను. ఇంకేమనను? పాడొద్దంటే ఎందుకో చెప్పాలి. జైలంటే నాకంత భయం లేదు. పిల్ల ఇక నా మొహం చూడదేమోనని భయం.

కార్బిట్ అక్క ఐడెల్, చర్చిలో నా పక్కన కూర్చోవడం మానేసింది. తర్వాత రోజూ మా కంచె దగ్గర ట్రక్కు ఆపి, దిగకుండా చెట్టు వంక చూసి పోయేది.

జూన్‌లో ఒక ఆదివారం కోర్టు ముందున్న మైదానంలో పాడటానికి వర్లీన్ ఊరొచ్చింది. మేం భోజనానికి కూర్చున్నామో లేదో ఐడెల్ దిగబడింది.

"రా వదినా, రొట్టె తిందువుగాని," అన్నాను.

"తినడానికి రాలేదే. ఏమ్మా వర్లీన్, పెద్ద గాయనివయ్యావు, మీ అత్తకో ముక్క చెప్పు. అక్రోటు కింద టమాటా వేసే పిచ్చిముండ ఈ కొండల్లో ఎవత్తె?"

వర్లీన్ పకపకా నవ్వింది. "పాటకి కూడా వ్యవసాయం పాఠాలేంటత్తా?" అంటూ నా వైపు తిరిగింది. నా మొహంలో ఏం కనిపించిందో, నవ్వు ఆగిపోయింది.

"చూసి రాశావా, అల్లావా?" ఐడెల్ వదల్లేదు.

"అల్లానత్తా. అసలది పీచ్ పళ్ళ చెట్టు. పాటలో ఇమడక మార్చాను."

మా దొడ్లో పీచ్ చెట్టు ఏనాడూ లేదు. ఆ సంగతి ఐడెల్‌కూ తెలుసు.

"అల్లిందే అయితే తవ్వినా ఏమీ దొరకదుగా. నా కొడుకులు పారలు తెస్తున్నారు. అమ్మ పోయినా వాడు రాలేదే! ఎంత తాగుబోతైనా అమ్మ శవాన్ని చూడ్డానికి రానంత కసాయోడు కాదు నా తమ్ముడు!" కళ్ళు తుడుచుకుంటూ వాకిట్లోకి పోయి నిలబడింది.

"నేను చూసింది అదేనా అమ్మా?" అంది వర్లీన్.

"అదే."

"ఎందుకు?"

కడ్డీ సంగతి చెప్పాను.

"నా కోసం చేశావు. నేను ఊరూరా పాడి నిన్ను పట్టించాను."

"నోర్ముయ్! వెనక గుమ్మంలోంచి పో. మైదానంలో జనం ఎదురుచూస్తుంటారు. నీ బతుకు ఇప్పుడే మొదలైంది, ఈ మకిలి నీకంటకూడదు."

ఐడెల్ కొడుకుల ట్రక్కు వచ్చి ఆగింది. కాసేపటికి చెట్టు దగ్గర పార దిగిన చప్పుడైంది. వర్లీన్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. పొమ్మన్నాను, తిట్టాను, వీపు మీద ఒక్కటిచ్చాను కూడా. అది లేవలేదు.