హెటీ దాహం

ప్రతి ఏటా అక్టోబరు రాగానే నెరిడా చేసే మొదటి పని హెటీ పొట్ట కడగడం.

హెటీ అంటే మనిషి కాదు, పడవ. ఇరవై ఆరడుగుల తెరచాప పడవ. నెరిడా తండ్రి ఎర్న్ తన చేతులతో కట్టి, తన తల్లి పేరు పెట్టుకున్నాడు. వేసవంతా షికార్లు తిరిగి, చలికాలమంతా లంగరు దగ్గర కునికిపాట్లు పడ్డాక, దాన్ని ఫ్రాంక్లిన్ రేవులో పట్టాల మీదుగా ఒడ్డుకు లాగుతారు. దక్షిణార్ధగోళం కదా, అక్కడ అక్టోబరంటే వసంతం. ఆ వేళకి హ్యూఆన్ నది గట్టున ఆపిల్ తోటలు పూతకొచ్చి ఉంటాయి. ఎదురు కొండ మీద మంచు మాత్రం ఇంకా కరగనని మొరాయిస్తుంటుంది.

తడి ఆరకముందే గొట్టంతో నీళ్లు కొట్టి నాచు వదిలించాలి. పలకలకు కరుచుకున్న గుల్లల్ని గీకాలి. తర్వాత నాలుగు రోజులు ఎండనివ్వాలి. ఎండాక పలకల మధ్య సందుల్లో పాత పుట్టీ తీసి, నూలు పీచు కూరి, మెత్తటి పుట్టీ పెట్టి, రంగు వేయాలి. మెత్తటి పుట్టీయే ఎందుకో ఎర్న్ పిల్లలిద్దరికీ పలకాబలపం పట్టకముందే నేర్పాడు. "చెక్క ఎండితే ముడుచుకుంటుంది, సందులు పడతాయి. అది జబ్బు కాదు, దాహం. నీళ్లలోకి దించితే తనే తాగి, తనే ఉబ్బి, తనే మూసుకుంటుంది. అందాకా లోపలికొచ్చే నీళ్లు తోడుతూ పక్కన కూర్చోవడమే మన పని."

ఇక ఎండినకొద్దీ పడవ మాట్లాడుతుంది. కిందటి వేసవిలో దాని మీద తిరుగుతూ ఎవరేం అన్నారో అదంతా సందుల్లోంచి బయటికొస్తుంది. చివర వాడినవాళ్ల మాటలు ముందు, ముందు వాడినవాళ్లవి చివర. రేవులో చెక్క పడవలన్నిటిదీ ఇదే వరస. ఈసారి పోస్టుమాస్టరు పడవ వారం రోజులుగా ఒకే పేకాట గొడవను నెమరేస్తోంది. పట్టాల యజమానురాలు మావిస్, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఫ్లాస్కు చంకన పెట్టుకుని అటుగా వచ్చింది.

"అమ్మాయ్, గీకుతున్నావా, పోట్లాడుతున్నావా? మీదింకా నోరు విప్పలేదా?"

"విప్పితే మాత్రం ఏముంది మావిస్? డార్సీగాడి ఈలలు, రెండు దగ్గులు. ఐదేళ్లుగా అంతేగా."

డార్సీ నెరిడా తమ్ముడు. ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. పడవ ఇద్దరిదీ కాబట్టి దాన్ని మాత్రం పంచుకున్నారు. డిసెంబరు, జనవరి ఆమెవి. ఫిబ్రవరి, మార్చి అతనివి. వసంతంలో మొదటి పక్షం ఆమె ఎడమసగం బాగుచేస్తుంది, రెండో పక్షం అతను కుడిసగం చేసి నీళ్లలోకి దించుతాడు. ఆమెది ముదురు నీలం, అతనిది లేత నీలం. ముందునుంచి చూస్తే రెండు చొక్కాలు కోసి కలిపి కుట్టినట్టుంటుందని మావిస్ ఎగతాళి.

గొడవ ఆరేళ్ల కిందటిది. ఆ చలికాలం ఎర్న్ ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరి పోయాడు. నెరిడా అప్పుడు దక్షిణ మంచు సముద్రంలో, ఓడ మీద వంటపని చేస్తోంది. తిరిగి వచ్చేసరికి మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. ఆ వసంతంలోనే డార్సీ, చుక్క నీరు రాకూడదని, ఎండిన సందులన్నీ రాయిలాంటి జిగురుతో నింపేశాడు. పడవ నీళ్లలోకి దిగింది, తాగింది, ఉబ్బింది. ఉబ్బిన చెక్కకు చోటేది? లోపల తండ్రి ఆవిరిపట్టి వంచిన చెక్క పక్కటెముకలు నాలుగు ఫటఫటమని విరిగాయి. "నాన్న పక్కటెముకలు విరగ్గొట్టావురా!" అని నెరిడా రేవంతా వినేలా అరిచింది. డార్సీ ఒక్క మాటా తిరిగి అనలేదు. ఆ ఊరుకోవడమే ఆమెకు మరీ మండింది.

సగాల కాపురం ఇక చాలనిపించి, ఈ జనవరిలో ఆమె ఉత్తరం రాసింది. పడవ అమ్మేద్దాం, హోబార్ట్ పట్నంలో ఒక పళ్ల డాక్టరు అడుగుతున్నాడు, దించే రోజున వచ్చి చూసుకుంటాడు అని. జవాబుగా ఒకే మాట వచ్చింది, "సరే" అని.

ఐదో రోజున, ఎడమసగంలో పైవరసలు ముగించి, నెరిడా శాండ్‌విచ్ విప్పుకుంటుంటే హెటీ గొంతు సవరించుకుంది.

"అక్కా... ఉహూఁ. నెరిడా, నీతో ఒక ముఖ్యమైన విషయం... ఛ, బ్యాంకు మేనేజరులా ఉంది."

నెరిడా చేతిలో శాండ్‌విచ్ చేతిలోనే ఉండిపోయింది. డార్సీ గొంతే. కాసేపు తెరచాప టపటపలు, మళ్లీ గొంతు. "ఏమే అక్కా, ఎలా ఉన్నావే... ఇదీ బాలేదు. కర్ర పుచ్చుకుని వస్తుంది."

మావిస్ పకపకా నవ్వింది. "నీ తమ్ముడు నిన్ను బాగానే ఎరుగును!"

మూడు రోజులు ఇదే తంతు. నడి సముద్రంలో ఒంటరిగా కూర్చుని అతను మాట కుదుర్చుకుంటున్నాడు, కుదరక తిట్టుకుంటున్నాడు. నెరిడా పుట్టీ పెడుతూనే వింది. వినడం లేదన్నట్టు పుట్టీ పెట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం గొంతు మారింది. తొట్రుపాటు పోయింది.

"అక్కా, ఆ రోజు ఆ జిగురు నేనెందుకు..."

అంతే. ఆగిపోయింది. ఆమె పలకకు చెవి ఆనించింది. లోపల ఏదో గొణుగుడు, గుడ్డ కుక్కిన నోట్లోంచి వచ్చినట్టు.

"ఏమైంది దీనికి?" అంది.

మావిస్ టీ ఊదుకుంటూ, "ఏమవుతుంది? ఆ మాట వచ్చే సందు నువ్వు నిన్ననే మూసేశావుగా," అంది. "మిగతా సందులకెప్పుడు పెడుతున్నావ్?"

నెరిడా పుట్టీ కత్తి తీసుకుంది. పెట్టడానికి కాదు, తీయడానికి. నాలుగు రోజుల పని. నున్నగా దిద్దిన పుట్టీని పొడుగునా పెకలించింది. కూరిన నూలు పీచును కొక్కెంతో లాగి పారేసింది. పోస్టుమాస్టరు వచ్చి, "పిచ్చిగానీ పట్టిందా తల్లీ?" అన్నాడు. ఆమె ఇంకో పోగు లాగింది. అడుగువరస దగ్గరి చివరి పోగు ఊడిరాగానే గాలి బుస్సుమంది.

"...ఎందుకు పూశానంటే, నీళ్లు తోడుతూ కూర్చోలేకపోయానే. నాన్న దగ్గర పంతొమ్మిది రోజులు కూర్చున్నాను. ఊపిరితిత్తుల్లో నీళ్లు తోడుతుంటే మళ్లీ మళ్లీ నిండేవి. హెటీ అడుగున నీళ్లు చేరుతుంటే నాకు అదే చప్పుడు వినిపించింది. అందుకని మూసేశాను. నువ్వుంటే ఇద్దరం కూర్చునేవాళ్లం."

తర్వాత అలల చప్పుడు, ముక్కు చీదిన చప్పుడు, మామూలు ఈల.

నెరిడా ఆ మధ్యాహ్నం ఇంకే పనీ చేయలేదు. నీళ్ల బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. తమ్ముణ్ని తిట్టుకోవడానికి ఆమెకు ఆరేళ్లు దొరికాయి. ఆ పంతొమ్మిది రోజులు ఎలా గడిచాయిరా అని అడగడానికి ఒక్కరోజు దొరకలేదు.

మర్నాటి నుంచి మళ్లీ మొదటినుంచీ పీచు కూరింది, పుట్టీ పెట్టింది, రంగు వేసింది. ఆమె వంతు ముగిసింది. డార్సీ వంతు మొదలైంది. ఇక బయటికొచ్చేవి తన మాటలని ఆమెకు అప్పుడు తట్టింది. డిసెంబరులో తనేమంది? తిట్లు ఎలాగూ ఉంటాయి. కానీ ఒక పొద్దున్న రెండు చేతుల్లో పట్టనంత ఫ్లాట్‌హెడ్ చేప ఒకటి పడితే, ఒకప్పుడు తమ్ముడు కూర్చునే ఖాళీ బల్ల వైపు ఎత్తి చూపి, "చూశావట్రా డార్సీ!" అని అరిచిన సంగతి గుర్తొచ్చి, ఒంటరిగానే సిగ్గుపడింది.

దించే రోజు శనివారం. ఐదేళ్లుగా ఆ రోజు రేవు ఛాయలకు రాని నెరిడా పొద్దున్నే వచ్చింది. హెటీ అప్పటికే నీళ్లలో ఉంది. కుడిసగానికి కూడా ముదురు నీలమే వేసి ఉంది. రంగు సరిగ్గా కలవలేదు, ప్రయత్నం మాత్రం తెలుస్తోంది. డార్సీ చేతిపంపు పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నాడు. తల బాగా నెరిసింది. ముఖం పాలిపోయింది. అడుగున నీళ్లు బుడబుడమంటున్నాయి.

పళ్ల డాక్టరు ఆమె వెనకే దిగాడు. లోపలికి తొంగి చూసి, పెదవి చప్పరించాడు.

"కారుతోందండీ."

"తాగుతోంది," అంది నెరిడా.

"ఏదైతేనేం. పడవ ముచ్చటగా ఉంది, తీసుకుంటాను. వచ్చే ఏడు ఎండబెట్టినప్పుడు ఈ సందులన్నీ గట్టి జిగురుతో నింపించేస్తే ఒక్క చుక్క..."

"వద్దు!"

రెండు గొంతులు ఒక్కసారే. పంపు ఆగింది. అక్కాతమ్ముళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోస్టుమాస్టరు పడవ మీద కునుకుతున్న పిల్లి కూడా తలెత్తింది.

"పుచ్చిన పన్ను కాదండీ ఇది," అన్నాడు డార్సీ మెల్లగా, "నింపడానికి. ఎముకలు విరుగుతాయి."

"అమ్మడం లేదు," అంది నెరిడా. "మీకు శ్రమ ఇచ్చాం. మన్నించాలి."

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తనకర్థంకాని ఇంటి గొడవలో కాలుపెట్టిన మనిషిలా టోపీ సవరించుకుని వెళ్లిపోయాడు. నెరిడా పడవలోకి దిగి, పంపు పిడి మీద చెయ్యి వేసింది.

"జరుగు. నడుం పడిపోయేట్టుంది నీకు."

డార్సీ జరిగాడు. నీళ్లకేసి చూస్తూ అడిగాడు. "ఆ చేప నిజంగా నువ్వరిచినంత పెద్దదా?"

"అంతకంటే పెద్దది. నా నాలిక మీద వంద అబద్ధాలుంటాయిగానీ చేప దగ్గర కాదు."

అతను నవ్వబోయి దగ్గాడు. మావిస్ గట్టు మీద ఫ్లాస్కు, మాంసం కూరిన రెండు పైలు పెట్టి, ఏమీ చూడనట్టు వెళ్లిపోయింది. ఇద్దరూ వంతులవారీగా తోడారు. బకెట్లు బకెట్లుగా వచ్చిన నీళ్లు చెంబులయ్యాయి, చెంబులు గుక్కెడయ్యాయి. చెక్క ఉబ్బుతూ సన్నగా మూలిగింది. ఒక్కొక్క సందూ పెదవులు కలిపినట్టు మూసుకుంది. పొద్దు ఆపిల్ తోటల మీదికి వాలేసరికి హెటీ పూర్తిగా నోరు మూసుకుంది. ఇక వాళ్ల బదులు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

నెరిడా పంపు పక్కన పెట్టింది.

"నాన్న చివర్లో ఏమన్నాడురా?"

డార్సీ అరచేతుల బొబ్బలు చూసుకున్నాడు. "పడవలో ఉన్నాననుకున్నాడే. హెటీకి దాహం తీరిందా అని అడిగాడు. నాకేం చెప్పాలో తెలియలేదు."

నెరిడా వంగి, అడుగుదూలం పక్కన వేలు పెట్టి చూసింది. వేలు పొడిగానే వచ్చింది. ఆ వేలు తమ్ముడికి చూపించింది.

"తీరింది నాన్నా," అన్నాడు డార్సీ.